పుట్టగానే ఏడవని బిడ్డ: మెదడు కణాలు ఎప్పుడు చనిపోతాయి, చల్లబరిచే చికిత్సపై ఇంత వివాదం ఎందుకు?

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం బయట కూర్చున్న బంధువుల మాటల్లో తరచూ వినిపించే వాక్యం ఒకటుంది: "బిడ్డ పుట్టంగనే ఏడ్వలేదట, బాక్సుల వెట్టిండ్రు." కేసు షీటు మీద 'హెచ్‌ఐఈ స్టేజ్ 2' అని రాసి ఉంటుంది. అదే సమయంలో ఎవరో ఒక చుట్టం ఫోన్ చేసి, హైదరాబాద్‌లో తమకు తెలిసినవాళ్ల బిడ్డను మూడు రోజులు చల్లటి పరుపు మీద ఉంచి బాగుచేశారని, ఇక్కడ అది ఎందుకు చేయడం లేదని అడుగుతారు. డాక్టర్లను అడిగితే ఒకరు చేయించవచ్చంటారు, మరొకరు మన పిల్లల్లో దానివల్ల చావులు పెరిగాయని పరిశోధనలో తేలిందంటారు. ఇద్దరూ చెబుతున్నది గాలి మాట కాదు. ఇద్దరి వెనుకా పేరున్న వైద్య పత్రికల్లో అచ్చయిన అధ్యయనాలున్నాయి. ఈ వైరుధ్యం అర్థం కావాలంటే మెదడు కణం ఎలా చనిపోతుంది, అప్పుడే పుట్టిన బిడ్డ రోగనిరోధక వ్యవస్థ ఆ చావులో ఏ పాత్ర పోషిస్తుంది అనే రెండు ప్రశ్నలను ముందు విప్పుకోవాలి.

హెచ్‌ఐఈ అంటే ఏమిటి, ఏది హెచ్‌ఐఈ కాదు

హైపాక్సిక్ ఇస్కీమిక్ ఎన్‌సెఫలోపతి అనే పొడవాటి పేరును ఆసుపత్రుల్లో హెచ్‌ఐఈ అంటారు. కాన్పు సమయంలోనో, దానికి కొద్దిగా ముందో బిడ్డ మెదడుకు ఆక్సిజన్, రక్తప్రసరణ రెండూ తగ్గిపోయి, దాని ఫలితంగా పుట్టిన తొలి గంటల్లోనే మెదడు పనితీరు దెబ్బతినడం ఈ జబ్బు. మాయ ముందే ఊడిపోవడం, బొడ్డుతాడు బిడ్డకంటే ముందు జారి నలగడం, గర్భసంచి చిట్లడం, నొప్పులు గంటల తరబడి సాగినా బిడ్డ కిందికి దిగకపోవడం వంటివి దీనికి దారితీస్తాయి. ధనిక దేశాల్లో ప్రతి వెయ్యి కాన్పులకు 1 నుంచి 3 మంది బిడ్డల్లో ఇది కనిపిస్తుంది. మన దేశం వంటి చోట్ల అంతకు కొన్ని రెట్లు ఎక్కువ.

బిడ్డ పుట్టిన ఒకటో నిమిషంలోను, ఐదో నిమిషంలోను వేసే అప్గార్ మార్కులు 1952లో వర్జీనియా అప్గార్ అనే అమెరికన్ మత్తు వైద్యురాలు రూపొందించినవి. ఒంటి రంగు, గుండె వేగం, స్పందన, కండరాల బిగువు, శ్వాస అనే ఐదింటికి ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు వేస్తే మొత్తం పదికి లెక్క వస్తుంది. అయితే అప్గార్ తక్కువ వచ్చినంత మాత్రాన హెచ్‌ఐఈ అయినట్టు కాదు. నెలలు నిండని బిడ్డకు, తల్లికి ఇచ్చిన మత్తుమందు ప్రభావంలో ఉన్న బిడ్డకు కూడా మార్కులు తగ్గుతాయి. హెచ్‌ఐఈ అని నిర్ధారించాలంటే ఆ తరువాతి గంటల్లో మెదడు తీరు మారిన లక్షణాలు కనిపించాలి. వాటిని మూడు దశలుగా విడగొట్టిన పద్ధతి 1976లో సార్నాట్ దంపతులు ప్రతిపాదించినది. మొదటి దశలో బిడ్డ అతిగా ఉలికిపడుతూ, కళ్లు విప్పార్చి చూస్తూ ఉంటాడు. రెండో దశలో మందకొడిగా, ఒళ్లు సడలి ఉంటాడు, ఫిట్స్ వస్తాయి. మూడో దశలో స్పృహ ఉండదు, ఒళ్లు పూర్తిగా వేలాడిపోతుంది.

ఊళ్లలో దీన్నీ, 'ఉమ్మనీరు తాగడాన్నీ' ఒకటే అనుకుంటారు. బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేసి, ఆ కలుషితమైన ఉమ్మనీరు ఊపిరితిత్తుల్లోకి పోవడం శ్వాసకు సంబంధించిన సమస్య. రెండూ కలిసి రావచ్చు, ఏ ఒక్కటైనా విడిగా కూడా రావచ్చు. అలాగే పెరిగాక కాళ్లుచేతులు బిగుసుకుపోయిన ప్రతి పిల్లవాడికీ కాన్పులోనే దెబ్బ తగిలిందనుకోవడం సరికాదు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీకి, అంటే మెదడు దెబ్బవల్ల కాళ్లుచేతుల కదలిక దెబ్బతినే ఈ స్థితికి, కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం కారణమయ్యేది, ధనిక దేశాల లెక్కల్లోనైతే, కొద్ది భాగంలోనే. కాన్పు చేసిన నర్సమ్మ మీదికి వెళ్లే ముందు ఈ సంగతి తెలిసి ఉండటం న్యాయం.

ఆక్సిజన్ తిరిగి అందాక మొదలయ్యే నష్టం

సామాన్యంగా మనం అనుకునేది ఇది: ఊపిరి ఆగింది, మెదడు దెబ్బతింది, తరువాత చేసేదేముంది? ఈ అభిప్రాయాన్ని మార్చినవి 1980లలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆస్మండ్ రేనాల్డ్స్ బృందం చేసిన పరిశీలనలు. మాగ్నెటిక్ రెసొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ అనే పద్ధతితో బిడ్డ మెదడులోని శక్తి నిల్వలను, కోత అవసరం లేకుండా, బయటి నుంచే కొలవగలిగారు. ఊపిరి అందక పుట్టి, తేరుకున్న బిడ్డల్లో మొదటిరోజు ఆ నిల్వలు దాదాపు మామూలుగానే ఉన్నాయి. తరువాతి రోజుల్లో మళ్లీ పడిపోయాయి. అంటే మెదడు రెండుసార్లు కుప్పకూలుతోంది, రెండోసారి కూలేటప్పటికి ఆక్సిజన్ నిండుగా అందుతూనే ఉంది.

మొదటి కూలుబాటులో జరిగేది ఇలా ఉంటుంది. ఆక్సిజన్, గ్లూకోజ్ అందక కణంలో శక్తి అయిపోతుంది. కణం గోడ మీద సోడియం, పొటాషియంలను అటూ ఇటూ తోసే పంపులు ఆగిపోతాయి. నీరు లోపలికి చొరబడి కణం ఉబ్బుతుంది. నరాల కొసల నుంచి గ్లూటమేట్ అనే రసాయనం అదుపు తప్పి బయటపడి, పక్క కణాల్లోకి కాల్షియం వరదలా పోయే తలుపులు తెరుస్తుంది. ఎదుగుతున్న మెదడులో, నేర్చుకోవడానికి వీలుగా, ఈ తలుపులు పెద్దవాళ్లలో కంటే ఎక్కువసేపు తెరుచుకుని ఉంటాయి కాబట్టి పసిబిడ్డకు గ్లూటమేట్ దెబ్బ మరీ ఎక్కువ.

తరువాత బిడ్డకు శ్వాస అందిస్తారు, గుండె వేగం పుంజుకుంటుంది, రంగు తిరుగుతుంది. కణాలు కూడా చాలావరకు తేరుకుంటాయి. బోరు మోటార్లతో వ్యవసాయం చేసే ఈ ప్రాంతపు రైతులకు తెలిసిన విషయమే, కరెంటు పోయినప్పుడు మోటారుకు ఏమీ కాదు, అది తిరిగి వచ్చే తీరులోనే వైండింగ్ కాలిపోతుంది. మెదడులోనూ రక్తం తిరిగి పారినప్పుడు ఆక్సిజన్ నుంచి పుట్టే విషపూరిత అణువులు, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీయడం మొదలుపెడతాయి. ఈ లోపలి పని నిశ్శబ్దంగా సుమారు ఆరు గంటలు సాగుతుంది. ఆ తరువాత, ఆరో గంట నుంచి మూడో రోజు దాకా, రెండో కూలుబాటు వస్తుంది. ఫిట్స్ ఎక్కువగా మొదలయ్యేది అప్పుడే. "రాత్రి బాగనే ఉండె, తెల్లారి ఫిట్స్ వచ్చినయి, ఆసుపత్రిలో ఏదో చేసిండ్రు" అని కుటుంబాలు అనుమానపడే సందర్భాల్లో చాలాసార్లు కారణం ఈ క్రమమే.

ఊహించుకున్న ఒక ఉదాహరణతో ఈ గంటల లెక్క చూద్దాం. చందంపేట మండలంలోని ఒక తండా నుంచి గర్భిణి రాత్రి దేవరకొండ ఏరియా ఆసుపత్రికి చేరింది. తెల్లవారుజామున 3 గంటలకు కాన్పు అయింది. బిడ్డ ఏడవలేదు, మాస్కు పెట్టి గాలి అందించాక పదో నిమిషంలో ఊపిరి తీసుకున్నాడు. 108 వాహనం సిద్ధమై, సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని నల్గొండకు చేరేసరికి 5 గంటల 30 నిమిషాలు. పరీక్షించి, రెండో దశ హెచ్‌ఐఈ అని తేల్చేసరికి 6 గంటల 30 నిమిషాలు. చల్లబరిచే చికిత్స ఉన్న కేంద్రానికి పంపాలనుకుంటే హైదరాబాద్ మరో వంద కిలోమీటర్లు. వాహనం, పడక, కాగితాలు కుదిరి బయలుదేరి చేరేసరికి 9 గంటలు దాటుతుంది. నిశ్శబ్దపు ఆరు గంటలు ముగిసేది సరిగ్గా 9 గంటలకే. ఇందులో ఎవరూ ఆలస్యం చేయలేదన్నది గమనించాలి.

కణం చనిపోయే దారులు

కణాలన్నీ ఒకే విధంగా చనిపోవు. కణం ఉబ్బి, గోడ పగిలి, లోపలి సరుకంతా బయటికి చిమ్మి చనిపోవడాన్ని నెక్రోసిస్ అంటారు. ఆ చిమ్మిన పదార్థం చుట్టుపక్కల వాపును రేపుతుంది. దీనికి భిన్నంగా, కణం తనను తానే క్రమపద్ధతిలో విడదీసుకుని, చిన్న చిన్న తిత్తులుగా మారి, పక్కనున్న కణాల చేత మింగించుకునే చావు ఒకటుంది. దానికి 1972లో కెర్, వైలీ, క్యూరీ అనే ముగ్గురు అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. ఇది జబ్బు కాదు, ఎదుగుదలలో భాగం. సీ ఎలిగాన్స్ అనే చిన్న పురుగు ఎదిగే క్రమంలో 1090 కణాలు పుడితే వాటిలో 131 కచ్చితంగా, ప్రతిసారీ అవే, చనిపోతాయని తేల్చి, ఆ చావును నడిపే జన్యువులను గుర్తించినందుకు బ్రెనర్, హార్విట్జ్, సల్స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి మెదడులో సైతం కొన్ని ప్రాంతాల్లో పుట్టిన నరాల కణాల్లో సగం దాకా ఎదుగుదల క్రమంలోనే ఇలా తొలగిపోతాయి.

నవజాత శిశువు మెదడు ప్రత్యేకత ఇక్కడే ఉంది. అనవసరమైన కణాలను తీసేసే పని ఇంకా నడుస్తున్న వయసు కాబట్టి, ఆత్మహత్యకు కావలసిన పరికరాలన్నీ, ముఖ్యంగా కాస్పేజ్-3 అనే ఎంజైమ్, ఆ కణాల్లో సిద్ధంగా, పెద్దవాళ్ల మెదడులో కంటే చాలా ఎక్కువ మోతాదులో ఉంటాయి. ఆక్సిజన్ లేమితో దెబ్బతిన్న మైటోకాండ్రియా పైపొర చిల్లుపడి లోపలి సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికి కారితే ఆ పరికరాలు కదలడం మొదలవుతుంది. అప్పటికప్పుడు చచ్చేంత దెబ్బ తగలని కణం కూడా ఒకటి రెండు రోజుల తరువాత చనిపోవడానికి ఇది పెద్ద కారణం.

అయితే కాస్పేజ్‌ను ఆపే మందు ఇస్తే సరిపోతుంది కదా? పరిశోధన ఇంత సరళంగా సాగి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. ఒక దారి మూసేస్తే కణం మరో దారిన చనిపోతుంది. గత పాతికేళ్లలో ఇలాంటి దారులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి: పైకి నెక్రోసిస్‌లా కనిపించినా లోపల క్రమంగా నడిచే నెక్రాప్టోసిస్, వాపును రేపడమే పనిగా పెట్టుకున్న పైరాప్టోసిస్, ఇనుము సాయంతో కణం గోడలోని కొవ్వు పాడై చనిపోయే ఫెరాప్టోసిస్, దీనికి 2012లో పేరు పెట్టారు. పసిబిడ్డ మెదడులో ఇవి విడివిడిగా కాక కలగాపులగంగా నడుస్తాయి. ఒకే కణంలో రెండు రకాల లక్షణాలు కనిపించడం అక్కడ సాధారణం. పైగా ఎలుక పిల్లల్లో మగ, ఆడ పిల్లల మెదడు కణాలు ఎంచుకునే దారులు కొంత వేరని, ఆడపిల్లల్లో కాస్పేజ్ దారి బలంగా ఉంటుందని ప్రయోగాలు చూపించాయి. మనుషుల్లో అది చికిత్సను మార్చేంత స్థాయికి ఇంకా చేరలేదు.

వీటన్నిటిలో ఎక్కువభాగం తెలిసింది, పుట్టిన ఏడో రోజు ఎలుక పిల్లకు మెడలోని ఒక రక్తనాళం కట్టి, తక్కువ ఆక్సిజన్ ఉన్న గదిలో ఉంచే పద్ధతి నుంచి. 1981 నుంచి ప్రపంచమంతా వాడుతున్నది అదే. ఆ ఎలుక పిల్లకు ముందుగా జ్వరం లేదు, తల్లికి ఇన్ఫెక్షన్ లేదు, రక్తహీనత లేదు, దెబ్బ తగిలిన నిమిషం గడియారంలో రాసి ఉంటుంది. తండా నుంచి వచ్చిన బిడ్డ విషయంలో ఇవేవీ అంత శుభ్రంగా ఉండవు.

పసిబిడ్డ రోగనిరోధక వ్యవస్థ: కాపలాదారు ఎప్పుడు నష్టం చేస్తాడు

పసిబిడ్డకు రోగనిరోధక శక్తి 'ఉండదు' అనే మాట సగమే నిజం. అది వేరే పనికి అమర్చి ఉంటుంది. తొమ్మిది నెలలు తల్లి కడుపులో ఉన్నప్పుడు తల్లి కణాల మీద యుద్ధానికి దిగకూడదు. పుట్టిన వెంటనే పేగుల్లోకి చేరే కోట్లాది మంచి సూక్ష్మజీవుల మీద విరుచుకుపడకూడదు. అందుకే ఓర్పు వైపే మొగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి తల్లి ఐజీజీ రకం యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి, ఎక్కువభాగం చివరి మూడు నెలల్లో. అందుకే నెలలు తక్కువైన బిడ్డకు అవి కొద్దిగానే అందుతాయి. ముర్రుపాలలోని ఐజీఏ పేగు గోడను కాపాడుతుంది. తల్లి ఇచ్చిన ఐజీజీ సుమారు మూడు వారాలకొకసారి సగానికి తగ్గుతూ పోతుంది, బిడ్డ సొంతంగా తయారుచేసుకోవడం నెమ్మదిగా పుంజుకుంటుంది. ఈ రెండు గీతలూ తక్కువలో ఉండే మూడు నుంచి ఆరు నెలల మధ్య కాలం కొంత పలుచన. తట్టు టీకాను తొమ్మిదో నెల నిండాక వేయడానికి కారణం కూడా ఇందులోనే ఉంది: తల్లి యాంటీబాడీలు మిగిలి ఉంటే టీకాలోని బలహీన వైరస్‌ను అవే తుడిచేస్తాయి.

రోగనిరోధక శక్తి ఏర్పడటంలోనే కణమరణం కీలకం. రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో తయారయ్యే టీ కణాల్లో (ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు) నూటికి తొంభైకి పైగా అక్కడే చనిపోతాయి. పనికిరానివి, సొంత శరీరం మీదికే వెళ్లేవి ఆత్మహత్య చేసుకోవడమే అందుకు కారణం. ఈ చావుకు ఆదేశమిచ్చే ఫాస్ అనే జన్యువులో లోపమున్న పిల్లల్లో చావాల్సిన తెల్ల రక్తకణాలు చావక పేరుకుపోయి, లింఫు గ్రంథులు, ప్లీహం వాచి, సొంత రక్తకణాల మీదే దాడి జరుగుతుంది. ఇది అరుదైన జబ్బే, కానీ కణాలు చనిపోవడం చెడ్డది, బతకడం మంచిది అనే లెక్క బిడ్డ శరీరంలో ఎంత తప్పో ఇంతకంటే బాగా చూపించేది లేదు.

మెదడులో రోగనిరోధక వ్యవస్థకు ప్రతినిధి మైక్రోగ్లియా అనే కణం. పిండం తొలి వారాల్లోనే మెదడుకు చేరి అక్కడే స్థిరపడుతుంది. చనిపోయిన కణాలను మింగడం, అవసరం లేని నరాల అతుకులను కత్తిరించడం దాని రోజువారీ పని. ఆక్సిజన్ లేమితో కణాలు పగిలి లోపలి సరుకు చిమ్మినప్పుడు మైక్రోగ్లియా దాన్ని ప్రమాద సంకేతంగా తీసుకుని, ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ వంటి వాపు రసాయనాలను విడుదల చేస్తుంది; అవి బతికే అవకాశమున్న పక్క కణాలను కూడా చంపగలవు. అయితే మైక్రోగ్లియాను ముందే తొలగించిన ఎలుక పిల్లల్లో కొన్ని రకాల దెబ్బ తగ్గకపోగా పెరిగింది. శిథిలాలను ఎత్తిపోసేదీ, మరమ్మతుకు సాయపడేదీ అదే కణం కాబట్టి.

ఇప్పుడు అసలు వివాదానికి దగ్గరగా వచ్చాం. ఎలుక పిల్లకు ఆక్సిజన్ తగ్గించే ముందు, ఈ-కోలై వంటి గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా (గోడ నిర్మాణాన్ని బట్టి బ్యాక్టీరియాను గ్రామ్-నెగటివ్, గ్రామ్-పాజిటివ్ అని రెండు వర్గాలు చేస్తారు) గోడలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థాన్ని కొద్దిగా ఇస్తే, మామూలుగా పెద్దగా హాని చేయని ఆక్సిజన్ లేమి కూడా మెదడును తీవ్రంగా దెబ్బతీస్తుంది. ఆ పిల్లల్ని తరువాత చల్లబరిచినా ప్రయోజనం కనిపించలేదు. గ్రామ్-పాజిటివ్ బ్యాక్టీరియాను పోలిన పదార్థం ఇచ్చినప్పుడు మాత్రం చల్లబరచడం పనిచేసింది. భారతదేశపు ఆసుపత్రుల్లో నవజాత శిశువుల రక్తంలో దొరికే బ్యాక్టీరియాలో క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ వంటి గ్రామ్-నెగటివ్ రకాలదే పైచేయి అని ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో జరిగి 2016లో అచ్చయిన అధ్యయనం చూపింది. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే ఏదో అర్థమవుతున్నట్టే ఉంటుంది, కానీ ఎలుక ప్రయోగానికీ ఆసుపత్రి వార్డుకూ మధ్య దూరాన్ని ఒక్క ఊహతో దాటడం శాస్త్రం కాదు.

చల్లబరచడం: బయటి దేశాల్లో ఏం తేలింది

ఒంటి వేడి ఒక డిగ్రీ తగ్గితే మెదడు ఖర్చుచేసే శక్తి సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. గ్లూటమేట్ విడుదల, విష అణువుల తయారీ, కాస్పేజ్ కదలిక, మైక్రోగ్లియా ఆవేశం, అన్నీ కొంత మందగిస్తాయి. ఒక్కో మందు ఒక్కో దారిని మూస్తే, చల్లదనం అన్ని దారులనూ కొంచెం కొంచెం ఇరుకు చేస్తుందన్నమాట. చికిత్స విధానం ఇది: పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టి, ఒంటి వేడిని 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 72 గంటలు నిలిపి, ఆ తరువాత నెమ్మదిగా మామూలు స్థాయికి తేవడం.

2005లో రెండు, 2009లో ఒకటి పెద్ద ప్రయోగాలు అచ్చయ్యాయి. 2013 నాటికి 11 ప్రయోగాల్లోని 1505 మంది బిడ్డల ఫలితాలను కలిపి చూసిన సమీక్షలో, చనిపోవడం లేదా తీవ్ర వైకల్యం మిగలడం అనే ఫలితం మామూలు చికిత్స పొందినవారిలో 61 శాతం ఉంటే చల్లబరిచినవారిలో 46 శాతం. వంద మంది చొప్పున లెక్కేస్తే చల్లబరచడం వల్ల 15 మంది అదనంగా బయటపడ్డారు. అంటే ప్రతి ఏడుగురిని చల్లబరిస్తే ఒకరికి మేలు. చావులు ఒక్కటే తీసుకుంటే 34 శాతం నుంచి 25 శాతానికి తగ్గాయి. చల్లబరిచినా దాదాపు సగం మంది బిడ్డలకు మేలు జరగలేదన్నది కూడా ఇదే లెక్కలో ఉంది, ఆసుపత్రి ప్రకటనల్లో అది కనిపించదు.

హీలిక్స్ లెక్కలు ఎందుకు తిరగబడ్డాయి

భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు పెద్ద ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డలతో జరిగిన హీలిక్స్ ప్రయోగం 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో అచ్చయింది. చల్లబరిచినవారిలో చావు లేదా మధ్యస్థం నుంచి తీవ్ర వైకల్యం 50 శాతం, చల్లబరచనివారిలో 47 శాతం. ఇంత తేడా యాదృచ్ఛికం కావచ్చు. చావులు మాత్రం చల్లబరిచిన 202 మందిలో 84, చల్లబరచని 206 మందిలో 63. అంటే 42 శాతం, 31 శాతం. వంద మందికి 11 చావులు ఎక్కువ. పరికరాలు నాసిరకం అనడానికి లేదు, వేడిని తనంతట తానే సరిచూసుకునే యంత్రాలే వాడారు. ఈ దేశాల్లో, వెంటిలేటర్లున్న పెద్ద కేంద్రాల్లో సైతం, ఈ చికిత్స ఇవ్వకూడదని పరిశోధకులు తేల్చి చెప్పారు.

ఇక్కడి నుంచి నవజాత శిశు వైద్యులు రెండుగా చీలారు. ఒక పక్షం వాదన ఇలా ఉంటుంది. హీలిక్స్‌లో ఎక్కువమంది బిడ్డలు బయటి ఆసుపత్రుల్లో పుట్టి, ప్రయాణం చేసి వచ్చినవారు. ఇంట్లో పుట్టినవారిని చేర్చుకునే ప్రమాణాల్లో ఐదు నిమిషాల్లోపు ఏడవకపోవడం ఒకటి, రక్తంలో ఆమ్లం కొలిచి తీరాలన్న షరతు లేదు. కిక్కిరిసిన ప్రభుత్వ వార్డుల్లో వచ్చిన ఫలితాన్ని, తమ దగ్గరే పుట్టి, కారణం స్పష్టంగా తెలిసి, గంటలోపు చికిత్స మొదలైన బిడ్డకు అన్వయించడం సబబు కాదు. దేశంలో జరిగిన చిన్న ప్రయోగాలు కొన్ని మేలు చూపించాయి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల తోడ్పాటుతో తయారైన, కరిగే పదార్థపు పలకలతో చల్లబరిచే తక్కువ ఖర్చు పరుపులు ఇప్పటికే చాలా చోట్ల వాడుకలో ఉన్నాయి.

రెండో పక్షం అంటున్నది వేరు. చిన్న ప్రయోగాలు పొరపాటున మంచి ఫలితం చూపే అవకాశం ఎక్కువ, పెద్ద ప్రయోగం వాటిని తిరగరాయడం వైద్యంలో కొత్త కాదు. ప్రధానమైన విషయం, మన బిడ్డలకు తగిలే దెబ్బే వేరు కావచ్చు. హీలిక్స్ బిడ్డల ఎంఆర్ఐలలో, కాన్పులో ఒక్కసారిగా ఆక్సిజన్ ఆగినప్పుడు దెబ్బతినే లోపలి కేంద్రాల కంటే, మెదడులోని తెల్ల పదార్థం (నరాల తీగలుండే భాగం) దెబ్బ ఎక్కువగా కనిపించింది. అది రక్తహీనత, సరిగా ఎదగని మాయ, గంటల తరబడి సాగిన నొప్పుల వంటి కారణాలతో కొద్దికొద్దిగా, ముందునుంచే జరిగిన నష్టానికి గుర్తు. అలాంటి బిడ్డ పుట్టేసరికే ఆరు గంటల గడియారం ఎప్పుడో మొదలై ఉంటుంది. చల్లదనం తెల్ల రక్తకణాల పనితీరును, రక్తం గడ్డకట్టడాన్ని కూడా మందగింపజేస్తుంది కాబట్టి, ప్రయోజనం లేనిచోట మిగిలేది హాని మాత్రమే.

నా అంచనాలో ఈ రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ఏ బిడ్డకు దెబ్బ ఎప్పుడు తగిలిందో చెప్పే పరీక్ష చేతిలో లేకపోవడమే అసలు చిక్కు. తొలి గంటల రక్తంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసి దాన్ని పట్టే ప్రయత్నాలు నడుస్తున్నాయి. ఒక్క విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ ఏకాభిప్రాయం ఉంది: హెచ్‌ఐఈ బిడ్డకు ఒళ్లు వేడెక్కడం ఎక్కువ ప్రమాదం. మే నెలలో పాలమూరు ఎండల్లో, ఏసీ లేని వాహనంలో, మూడు గుడ్డలు చుట్టి బిడ్డను తీసుకురావడం ఆ కారణంగా మంచిది కాదు. బిడ్డను వెచ్చగా ఉంచాలని ఆశ కార్యకర్తలు చెప్పేది ఆరోగ్యంగా పుట్టినవారి విషయంలోను, తక్కువ బరువువారి విషయంలోను ముమ్మాటికీ నిజం. అలాగని కొలత లేకుండా తడిగుడ్డలతో చల్లబరచడం కూడా ప్రమాదమే.

మందులు, మూలకణాలు

చల్లదనానికి తోడుగా మందు కోసం జరిగిన వెతుకులాట ఇంతవరకు నిరాశే మిగిల్చింది. ఎర్ర రక్తకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయెటిన్ అనే మందు మీద అమెరికాలో 500 మంది బిడ్డలతో జరిగిన హీల్ ప్రయోగం, 2022లో, ప్రయోజనం లేదని చూపింది. దుష్ప్రభావాలు కొంత పెరిగాయి. జెనాన్ వాయువు కూడా 2016 నాటి ప్రయోగంలో పనిచేయలేదు. ఎలుకల్లో ఈ రెండూ చక్కగా పనిచేసినవే. బొడ్డుతాడు రక్తం దాచుకోమని ప్రైవేటు సంస్థలు గర్భిణులకు చెప్పే మాటల్లో మెదడు జబ్బుల ప్రస్తావన తరచుగా వస్తుంది. దేశంలోని 2017 నాటి మూలకణ పరిశోధన మార్గదర్శకాలు మాత్రం రక్త సంబంధ జబ్బులకు తప్ప మిగతా వేటికీ మూలకణాలను ప్రామాణిక చికిత్సగా గుర్తించలేదు. మిగతావన్నీ అనుమతి పొందిన ప్రయోగాల్లోనే, రోగి నుంచి డబ్బు తీసుకోకుండా జరగాలి.

ఫిట్స్ వచ్చిన బిడ్డ, టీకాలు, ఆ తరువాతి నెలలు

ఇంటికి వెళ్లాక కుటుంబాలు వేసే ప్రశ్నల్లో ఎక్కువసార్లు వినిపించేది టీకాల గురించి. పుట్టినప్పుడు ఫిట్స్ వచ్చిన బిడ్డకు సూదులు వేయిస్తే మళ్లీ వస్తాయన్న భయంతో ఆరు, పది, పద్నాలుగు వారాల పెంటావలెంట్ (కోరింత దగ్గు సహా ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) మోతాదులు వదిలేసేవారున్నారు. స్థిరంగా ఉన్న మెదడు దెబ్బగానీ, సెరిబ్రల్ పాల్సీగానీ టీకాకు అడ్డంకి కాదు. కోరింత దగ్గు భాగమున్న టీకాను ఆపేది రెండు ప్రత్యేక సందర్భాల్లో: ముందటి మోతాదు వేసిన ఏడు రోజుల్లోపు వేరే కారణం లేకుండా మెదడు జబ్బు వచ్చినప్పుడు, ఫిట్స్ ఇంకా అదుపులోకి రాక, మెదడు జబ్బు ముదురుతూ ఉన్నప్పుడు, అది కూడా నిలకడ వచ్చేదాకా. మింగడం సరిగా రాని, తరచూ నిమ్ము చేసే ఈ పిల్లలకు దగ్గు, న్యుమోనియా మిగతావారికంటే ఎక్కువ ప్రమాదం కాబట్టి టీకాల అవసరం కూడా వారికే ఎక్కువ. పుట్టిన వెంటనే వేసే బీసీజీ మిగతా ఇన్ఫెక్షన్ల నుంచి కూడా కాపాడుతుందని పశ్చిమాఫ్రికాలోని గినియా-బిస్సావులో వచ్చిన ఫలితాలు ఆశ రేపాయి. రష్యన్ రకం బీసీజీతో మన దేశంలో రెండు కిలోల లోపు బిడ్డల్లో జరిగిన ప్రయోగాల్లో మాత్రం నెలలోపు మరణాలు తగ్గలేదు.

వాపు కూడా మూడు రోజులతో ముగిసేది కాదు. మెదడు దెబ్బతో నెలలు నిండకుండా పుట్టి, సెరిబ్రల్ పాల్సీ మిగిలిన పిల్లల్లో ఏడేళ్ల వయసులో కూడా వాపు రసాయనాల స్థాయి ఎక్కువగా ఉందని కొన్ని చిన్న అధ్యయనాలు గమనించాయి. దెబ్బకు అది కారణమా, ఫలితమా అనేది తేలవలసి ఉంది.

డిశ్చార్జి రోజున తల్లి అడిగే ప్రశ్నకు, "బిడ్డ నడుస్తడా సార్", డాక్టర్ ఇచ్చే "ఇప్పుడే చెప్పలేం" అన్న జవాబు తప్పించుకోవడం కాదు. మొదటి దశ హెచ్‌ఐఈ బిడ్డల్లో ఎక్కువమంది బాగుంటారు, మూడో దశవారిలో బతికినవారికి తీవ్ర వైకల్యం ఎక్కువ. రెండో దశలో మాత్రం రెండు దారులూ తెరిచే ఉంటాయి. తొలి రెండు వారాల్లో తీసిన ఎంఆర్ఐలో లోపలి కేంద్రాలు శుభ్రంగా ఉంటే ఆశ పెరుగుతుంది, తల్లి పాలు తనంతట తాను చీకగలిగితే ఇంకొంత. హీలిక్స్ సహా చల్లబరిచే చికిత్స పెద్ద ప్రయోగాల్లో ఎక్కువభాగం పిల్లలను సుమారు 18 నుంచి 22 నెలల వయసులో పరీక్షించాకే ఫలితం రాసుకున్నాయి, అంతకంటే ముందు కొలిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి. మెడ ఎప్పుడు నిలబెడుతున్నాడు, పిడికిలి విప్పుతున్నాడా, తల చుట్టుకొలత పెరుగుతోందా అని జిల్లా సత్వర జోక్య కేంద్రాల్లో నెలనెలా చూసేది ఆ మధ్య కాలాన్నే.